తగలని రాళ్లు

రాయి వచ్చి పిల్లి పక్కన పడింది.

పిల్లి ఎగిరి గంతేసి పొద చాటుకు దూరింది.

కంచె అవతల నిలబడిన వీణ అది చూసింది. రాయి వేసింది పిల్లుల తాతే.

"తాతా! ఏం జేస్తాండావు?"

తాత ఉలిక్కిపడ్డాడు. "శనివారం కదా మీరు రావాల్సింది? ఈ పొద్దు యాల వచ్చినావు?"

"నా బుజ్జిని సూడనీకి."

"పేరు పెట్టి పిలవాకు పాపా. నీ దగ్గరికొచ్చినట్టే అందరి దగ్గరికీ పోతాది."

ఆ అడవిపిల్లి పత్తి చేనులో దొరికినప్పుడు దానికి కళ్లు కూడా తెరుచుకోలేదు. వీణ మేకపాలలో దూది ముంచి బతికించింది.

పెద్దదయ్యాక అది పక్కింటి బసన్న కోడిని పట్టింది.

"ఇంగోసారి కనపడితే కట్టెతో కొట్టి సంపుతా" అన్నాడు బసన్న.

వీణ ఏడుస్తూ చెబితే, బడి టీచరమ్మే పిల్లిని తాతకు అప్పగించింది.

తాతది ఏ ఊరో ఎవరికీ తెలియదు. ఎమ్మిగనూరు దారిలో గుట్ట కింద కంచె వేసుకున్నాడు. మనుషులు పెంచి వదిలేసిన అడవిపిల్లులకు అక్కడ చోటిచ్చాడు. ఫారెస్టు వాళ్లు ఒప్పుకున్నారని టీచరమ్మ చెప్పింది. ముందొచ్చినవన్నీ గుట్టెక్కిపోయాయి. ఇప్పుడు బుజ్జి ఒక్కటే.

శనివారాలు బడిపిల్లలకు మట్టిలో అడుగులు చూపించేవాడు.

"ఇది కుక్కదా, పిల్లిదా?"

"పిల్లిది!"

"ఎట్ల తెలిసె?"

"గోరు పడలేదు తాతా!"

అంత మంచి తాత రాళ్లు వేస్తున్నాడు.

మరునాడూ, ఆ మరునాడూ వీణ పొంచి చూసింది. పిల్లి దగ్గరికి రాబోయినప్పుడల్లా రాయి. చెవి పక్కన, తోక వెనక, కాళ్ల ముందు. ఒక్కటీ తగల్లేదు.

"తాతకు కండ్లు ఆనవేమోమే. బర్రెను కొట్టమన్నా తప్పిపోతాది" అని వెంట వచ్చిన స్నేహితురాలు జ్యోత్స్న కిసుక్కున నవ్వింది.

వీణకు నవ్వు రాలేదు. ఈ రోజు తగల్లేదు సరే, రేపు?

ఇంటికి పోయి నాయనతో చెప్పేసింది.

నాయన తిరుపాల్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"నోరు లేని జీవాన్ని రాళ్లతో కొడ్తావా పెద్దాయనా? ఇదేనా పిల్లోళ్లకు నేర్పేది?"

తాత వీణ వైపు చూశాడు.

"ఒగ వారం ఆగండప్పా. ఒక్క వారం."

"ఒక్క గంట గూడా లేదు. నడు."

తాత మూట కట్టుకుని ఆటో ఎక్కాడు. ఎవరో కంచె తలుపు పీకేశారు.

"బుజ్జీ, రా!" వీణ చేతులు చాచింది.

పిల్లి ఒక్క క్షణం ఆమెను చూసింది. మరుక్షణం పొదల్లోకి దౌడు తీసింది.

"నన్ను మర్సిపోయింది నాయనా!"

నాలుగు రోజులు వెతికింది. బసన్న చేతిలో కట్టె చూసినప్పుడల్లా ఆయన వెనకాలే పోయి చూసేది.

ఐదో రోజు బసన్నే ఆమెను నిలబెట్టాడు.

"నీ పిల్లి కనపడింది లేమే."

వీణ ఆయన చేతిలోని కట్టె వైపు చూసింది.

"కట్టె ఎత్తనే లేదు, నన్ను సూస్తానే గుట్టెక్కె. దొంగది! ఇంగ అది ఎవురికి సిక్కుతాది?"

ఆదివారం కోసిగి బస్సు దిగిన ఒక అవ్వ, జొన్నరొట్టెల మూటతో ఖాళీ కంచె దగ్గర నిలబడి ఉంది.

"ఈడుండే మాయన్న లక్ష్మప్ప యాడ పాపా?"

"పోయినాడవ్వా."

"యాడికి? మా ఇంటికి రాలేదే!"

వీణ తల దించుకుంది. "పిల్లికి రాళ్లేస్తాండె. నేనే మా నాయనకు సెప్పినా. కానీ ఒగటీ తగల్లేదవ్వా."

అవ్వ ఆమెను తేరిపార చూసింది.

"తగల్లేదా? జొన్నచేన్లో మంచె మింద నిలబడి వడిసెలలో రాయి పెట్టి తిప్పితే, ఎగిరే పిట్టను కొట్టేటోడు పాపా. నలభై ఏండ్లలో మాయన్న రాయి ఒగటి తప్పింది లేదు."