తాకి చూడు పెట్టె

ఫోను మోగేసరికి వినీల గరిటె నిండా చేపల పులుసు పట్టుకుని ఉంది. అవతలివాళ్ల మాట పూర్తి కాకముందే ఆ పులుసును గిరిబాబు మంచినీళ్ల గ్లాసులో పోసేసింది.

“బావా, మన అంగన్‌వాడీకి మ్యూజియం పెట్టె ఇస్తన్నారంట.”

“పులుసు తాగమంటే తాగతాలే గానీ, పెట్టెలో ఏముంటదంట?” అన్నాడు గిరిబాబు. పెళ్లయి నలభై ఒక్క రోజులు. ఆ ఇంట్లో ఇంకా ఎవరేం చేసినా ముద్దుగానే ఉంటోంది.

పెట్టెలో ఏముంటుందో వినీలకూ తెలియదు. పట్నంలో కొత్తగా కట్టిన మ్యూజియం వాళ్లు పాతకాలపు వస్తువులు పంపుతారు. పిల్లలు వాటిని తాకాలి, వాటితో ఆడాలి, ఆడుతూ నేర్చుకోవాలి. వారం తర్వాత మ్యూజియం ఆఫీసరు వచ్చి పరీక్ష పెడతాడు. నెగ్గితే పద్దెనిమిది మంది పిల్లలనూ బస్సులో తీసుకెళ్లి మ్యూజియమంతా చూపిస్తారు. పక్కనున్న బోగోలు దాటి ఎరగని పిల్లలు. మర్నాడు తను టీచరుగా ఉన్న జాలర్ల పాళెంలో అడుగు పెట్టగానే వినీల మాట ఇచ్చేసింది, “మిమ్మల్ని బస్సెక్కించే పూచీ నాది” అని. అప్పటినుంచి అన్నం తినేటప్పుడు కూడా పిల్లలు నోటితో బస్సు హారను మోగిస్తూనే ఉన్నారు.

పెట్టె వచ్చింది. కొత్త పెళ్లికూతురి సూట్‌కేసులా ఎర్రగా నిగనిగలాడుతోంది. మూత తీస్తే దూదిలో చుట్టిన ఒక వల ముక్క, వల అల్లే చెక్క సూది, వల మునగడానికి కట్టే మట్టి గుండ్లు, ఒక తాటాకు చేపల బుట్ట. సముద్రానికి రెండు వందల గజాల దూరంలో ఉన్న పాళెం పిల్లల కోసం పట్నం నుంచి ఏసీ వ్యానులో తెచ్చిన విజ్ఞానం అది. దానితోపాటు ఒక పుస్తకం. మొదటి వాక్యమే, ‘వస్తువును చూడగానే బిడ్డ ఆశ్చర్యపోవాలి.’ ఒక్క ఆశ్చర్యానికే యాభై మార్కులు.

“టీచరమ్మా, మా అవ్వ బుట్ట ఈడికెట్టా వచ్చింది?” అంది ఐదేళ్ల చెంచులక్ష్మి.

“అది మీ అవ్వది కాదు తల్లీ, మ్యూజియం వాళ్లది.”

“వాళ్లు కూడా చేపలమ్ముతారా?”

ఇక లాభం లేదని వినీల వారం రోజులూ పిల్లలకు ఆశ్చర్యమే నేర్పింది. కళ్లు పెద్దవి చేయాలి, నోరు తెరవాలి, చెయ్యి చెంపకు ఆనించాలి. పిల్లలకు ఈ ఆట తెగ నచ్చింది. ఇళ్లకు పోయి ఇడ్లీలను చూసి కూడా ఆశ్చర్యపోయారు.

గురువారం ఆఫీసరు పద్మనాభయ్య గారు వచ్చారు. వల ముక్కను పురిటి బిడ్డలా రెండు చేతులమీద ఎత్తి చూపించారు. పద్దెనిమిది నోళ్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పద్దెనిమిది చేతులు చెంపలమీదికి వెళ్లాయి. ఆయన మురిసిపోయి కలం తీశారు.

అప్పుడు చెంచులక్ష్మి నోరు మూసింది. మళ్లీ తెరిచింది.

“సార్, ఈడ చిరిగిపోయుండాది. అవ్వా, ఇట్రా.”

మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చి గడప దగ్గర కూర్చున్న గురవమ్మ లేచి వచ్చింది. చిరిగిన వలను చూసి ఊరికే పోయే మనిషి ఆ పాళెంలో పుట్టలేదు. చతికిలబడి, మ్యూజియం సూదినే అందుకుని, నడుముకు దోపుకున్న నూలుండ తీసింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు నాలుగు వైపులా చేరి వల బిగించి పట్టుకున్నారు. ముడి పడినప్పుడల్లా గొంతెత్తి లెక్కపెట్టారు. పది దాటి లెక్క రాని పిల్లలు ఆ పూట పదిహేడు దాకా పోయారు. పదిహేడో ముడి వేసి గురవమ్మ పంటితో నూలు తెంపింది.

“ఎంత పని చేశావమ్మా. అది ఎనభై ఏళ్ల నాటి చిరుగు” అన్నారు పద్మనాభయ్య గారు, గోడకు ఆనుకుంటూ.

“ఎనభై ఏళ్లా? అన్నాళ్లూ మీ ఇంట్లో ఎవురికీ చేతుల్లేవా సామీ?”

ఆయన ఆశ్చర్యం గడిలో సున్నా చుట్టారు.

“పిల్లలు లెక్క ఎంత బాగా చెప్పారో విన్నారు కదా సార్” అంది వినీల.

“లెక్కకు మా దగ్గర గడి లేదమ్మా. ఇక్కడ వీళ్లకు తెలియనిదే లేదు. తెలియనివాళ్లకే ఈ స్కీము.”

ఆయన ఫోను పట్టుకుని బయటికి వెళ్లారు. హారన్లు ఆగిపోయాయి. వినీల పిల్లల ముఖాలు చూడలేక, సర్దిన గుండ్లనే మళ్లీ మళ్లీ సర్దుతూ కూర్చుంది.

పది నిమిషాల తర్వాత పద్మనాభయ్య గారు నవ్వుకుంటూ లోపలికి వచ్చారు.

“మా డైరెక్టరు గారు విని పొంగిపోయారమ్మా. రేపు పొద్దున ఎనిమిదికి బస్సు. పద్దెనిమిది మందీ రావాలి. ఆ అవ్వ కూడా.”

అంగన్‌వాడీ పైకప్పు ఎగిరిపోయేలా పద్దెనిమిది హారన్లు మోగాయి. వినీలకు కళ్లనీళ్లు తిరిగాయి. పులిహోర ఎన్ని గిన్నెలు కలపాలి, బావ చేత సెలవు పెట్టించి వెంట తీసుకుపోవచ్చా, పెళ్లినాటి నీలం చీర కట్టుకుంటే మరీ ఎక్కువవుతుందా, అన్నీ ఒక్క క్షణంలో ఆలోచించేసింది.

“పిల్లలకు కొత్త బట్టలు వేసి తెస్తాను సార్. ముందు ఏ గది చూపిస్తారు?”

“కొత్త బట్టలొద్దమ్మా, రోజూ ఎలా ఉంటారో అలాగే రానివ్వండి” అన్నారు పద్మనాభయ్య గారు. “రేపు పట్నం కాన్వెంటు పిల్లలు మ్యూజియానికి వస్తున్నారు. వల పక్కన వరసగా కూర్చోబెట్టి వాళ్లకు చూపించాల్సింది వీళ్లనే.”