ఆరు వందల బైట్లు

“పట్టదప్పా. రెండు వేలు దాటింది. ఆరు వందల బైట్లకు మించితే ఈ ఫారం తీసుకోదు” అంది సాజిదా, తెర మీది ఎర్ర గీత చూపిస్తూ.

నంద్యాల బస్టాండు ఎదురుగా ఆమె నెట్ సెంటరు. శేషయ్య ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే వచ్చాడు. ఒక ఆటో డ్రైవరు మీద ఫిర్యాదు పెట్టాలి.

“రాసింది ఒక్క పేజీనే గదా!”

“పేజీలు కాదప్పా లెక్క. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. మన తెలుగు అక్షరానికి మూడు. గుణింతానికి ఇంకో మూడు, ఒత్తుకు ఆరు. ఇంగ్లీషులో కొట్టేదా?”

“వద్దు. నేను చదవలేనిదాని కింద నా పేరొద్దు. తగ్గించు. ఎట్లన్నా వాని లైసెన్సు పోవాల. బతికినన్నాళ్లు వాడు మళ్ల బండి ముట్టకూడదు.”

సాజిదా చదివింది. ఛాతీ నొప్పితో కమలాక్షమ్మ ఆళ్లగడ్డలో ఆటో ఎక్కింది. నేరుగా నంద్యాల ఆసుపత్రికి పోవలసిన డ్రైవరు, దారిలో చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆపాడు. ఒక్క శిరివెళ్లలోనే ముగ్గురిని ఎక్కించుకున్నాడు. ఆసుపత్రి మెట్ల దగ్గర దించేసరికి ఆమెకు ఊపిరి లేదు.

“నీ భార్యనా? నువ్వు యాడుండావప్పా అప్పుడు?”

“నా భార్యనే. ఆటోలోనే ఉండా.”

“ఉండి గూడా నోరు మూసుకోని కూర్చున్యావా?”

“మూసుకోనే.”

సాజిదా తెర వైపు తిరిగింది. “‘చెయ్యెత్తితే ఆపడం వానికి ఇరవై ఏండ్ల అలవాటు’ అని రాసినావు. ఉంచేదా?”

“తీసెయ్. అలవాటైతే తప్పు కాకుండా పోతాదా?”

“‘ఆమె కాళ్లు పట్టుకోని ఏడ్సినాడు’... పాపం...”

“పాపమా? ముందు అది తీసెయ్. సంపి ఏడ్సినోనికి బైట్లు గూడానా?”

ఒక్కో వాక్యం పోతూ వచ్చింది. ఆమె నీళ్లడిగిన మాట పోయింది. ఎంత చెమట పట్టిందో పోయింది. నాలుగుచోట్ల ఉన్న ఆమె పేరు ఒక్కచోట మిగిలింది.

“ఇంకా ఇరవై ఎనిమిది ఎక్కువున్నాయి. ‘బేగా పోనీ అని మూడుసార్లు అడిగింది’ అనేదాంట్లో ‘మూడుసార్లు’ తీస్తే సరిపోతాది.”

శేషయ్య తెర మీది ఆ మాట మీద వేలు పెట్టాడు.

“మూడుసార్లు అడిగింది పాపా.”

“ఏం జేసేది? పట్టదు.”

చివరికి తల ఊపాడు. సాజిదా చెరిపింది. గీత పచ్చగా మారింది. ఐదు వందల తొంభై ఏడు.

“పట్టిందప్పా. కింద ఒక్క గడే మిగిలింది. ఆ డ్రైవరు పేరు తెలుసా నీకు?”

“నా పేరే కొట్టు” అన్నాడు శేషయ్య. “తోలింది నేనే.”