రావణుడి రాజీనామా

"కల్ సుబహ్ రాజీనామా లేకే ఆనా, పున్నయ్యా. సాబ్ కా ఆర్డర్ హై," అన్నాడు సూపర్‌వైజర్ మహేంద్ర, భుజం మీద చెయ్యేసి.

పున్నయ్య ఆ చేతిని విదిలించుకున్నాడు. ఉర్లా పారిశ్రామికవాడలోని ఈ షెడ్డులో పదకొండేళ్లుగా ఇనుము కోస్తున్నవాణ్ణి, భుజం తట్టి మరీ పంపించేస్తున్నాడు!

"నహీ దోగే తో పోలీస్ రిపోర్ట్ జాయేగా," అంటూ మహేంద్ర గొంతు తగ్గించాడు. "దే దో యార్. బాత్ ఖతమ్."

ఇవ్వకపోతే పోలీసులు. ఇస్తే కథ ముగిసినట్టే. అంతేగా?

పున్నయ్యకు హిందీ పని మందమే వచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చిన కొత్తలో నేర్చుకున్న "కాటో, ఉఠావో" దగ్గరే అది ఆగిపోయింది. అయినా రాజీనామా అన్న మాటకు హిందీ ఎందుకు? టీవీలో ఎవరో ఒక మంత్రి రోజూ చేస్తూనే ఉంటాడు.

గొడవంతా ఇత్తడి రేకు దగ్గర మొదలైంది. శనివారం భోజనాల వేళ షెడ్డు మూల కూర్చుని పున్నయ్య కిరీటానికి మెరుగు పెట్టుకుంటున్నాడు. రేకు ఎక్కడిదని మహేంద్ర అడిగాడు. కొన్నానంటే నవ్వి, "చోర్" అన్నాడు. పున్నయ్య లేచి, పాతికమంది చూస్తుండగా అతని కాలరు పట్టుకున్నాడు.

ఆ రేకు నిజంగా కొన్నదే. వారంలో ఆరు రోజులు ఉర్లాలో పని. ఆదివారం మోవాలో ఇళ్ల గేట్లకు వెల్డింగు. ఆ ఆదివారాలన్నీ ఇత్తడికీ, మఖమల్‌కీ, జరీకీ పోయేవి. పద్నాలుగేళ్లుగా తెలుగువాళ్ల దసరా ఊరేగింపులో రావణుడు అతనే. కాగితపు గుజ్జుతో తొమ్మిది తలలు, పదింటికీ ఇత్తడి కిరీటాలు. ఇంత చాకిరీ, ఇంత ఖర్చూ ఏడాదికి మూడు గంటల కోసం. ఆ మూడు గంటలూ పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా పక్కకు జరిగి దారిచ్చేవారు. మిగతా రోజుల్లో బస్సులో సీటిచ్చిన పాపాన కూడా ఎవడూ పోలేదు.

ఇంటికి రాగానే భార్య త్రివేణి మొహం చూసి పట్టేసింది.

"ఏమైంది?"

"రాజీనామా సెయ్యమన్నాడు."

ఆమె స్టవ్ కట్టేసింది. "సచ్చీ? మహేంద్రేనా అన్నది?"

"మరెవలు?"

"మాఫీ అడిగితే పోయేదిగా!"

"నానెందుకడగాల? దొంగన్నది ఆడు."

"అంటే కాలర్ పట్టుకుంటావా? ఏడాదికి ఒక్కరోజే రావణుడివనుకున్నా. ఫ్యాక్టరీలో కూడా షురూ చేశావన్నమాట."

పున్నయ్యకు నవ్వు రాలేదు. లోపలి గదిలో కూతురు లహరి చదువుకుంటోంది. పాలిటెక్నిక్ మొదటి ఏడు. ఆ గది వైపు ఒకసారి చూసి, మంచం కింద నుంచి రావణ వేషం దాచిన ట్రంకు పెట్టె లాగాడు.

"ఏం చేస్తున్నావ్?"

"ప్రేమ్‌చంద్ ఎప్పట్నుంచో అడుగుతన్నాడు. ఇచ్చేస్తాను. ఇంకో పని దొరికేదాకా ఇల్లు నడవాల గదా."

ఇన్నేళ్లూ ఆ పెట్టెను తిట్టిపోసిన మనిషి, వచ్చి దాని మూత మీద కూర్చుంది.

"అమ్మొద్దు. ఆ మఖమలంతా కుట్టింది నేను. సూదులు గుచ్చుకున్నది నా వేళ్లకి."

"మరేటి సెయ్యమంతావే? పది తలలుండి ఏటి లాభం? ఒక్కదానికీ దారి తోచట్లేదు."

త్రివేణి మూత మీద నుంచి లేచింది.

గోల్ బజార్లో ప్రేమ్‌చంద్ పెళ్లిళ్లకీ నాటకాలకీ దుస్తులు అద్దెకిస్తాడు. కిరీటాన్ని వేలితో మీటి, "అసలీ పీతల్!" అని ఇత్తడిని మెచ్చుకున్నాడు. బేరం తెగగానే కటింగ్ ప్లేరు తీశాడు.

"ఏటి సేస్తన్నావు?" కంగారులో పున్నయ్య నోట తెలుగే వచ్చింది.

ప్రేమ్‌చంద్‌కు చూపే అర్థమైంది. రావణ్ వేషం అద్దెకు ఎవరడుగుతారు భాయ్, విడివిడిగా ఇస్తే పది మంది రాములవుతారు, అన్నాడు హిందీలో. అంటూనే మొదటి రివెట్ తెంపాడు. తలల నుంచి కిరీటాలు ఒక్కొక్కటే ఊడివచ్చాయి. కాగితపు తలలు అతనికి అక్కర్లేదు. గుమ్మం పక్కన చెత్తలో పడేశాడు. చిన్న చినుకులు పడుతున్నాయి. మీసాలకు వేసిన నల్లరంగు కరిగి బుగ్గల మీదికి జారుతుంటే, పున్నయ్య ఐదో తల దాకా చూసి వెనుదిరిగాడు.

తెల్లారి లహరి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపుకుని తెలుగులో రాశాడు. 'నా ఇష్టపూర్వకంగా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను.' ఏడో తరగతితో ఆగిన చెయ్యి. ఆ ఒక్క వాక్యానికీ పావుగంట పట్టింది.

షెడ్డు గేటు దగ్గరే మహేంద్ర ఎదురయ్యాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క అక్షరం తెలియలేదు.

"రాజీనామా హీ హై నా?"

"హా."

మహేంద్ర కాగితాన్ని గోడకు ఆనించి, కింద తనూ సంతకం పెట్టాడు. అప్పుడే డ్యూటీకి వస్తున్న క్రేన్ ఆపరేటర్ శివాజీని పిలిచి సాక్షి సంతకం పెట్టమన్నాడు. శివాజీ ఇక్కడి రైల్వే కాలనీలో పుట్టిన తెలుగువాడు. మాట్లాడ్డమే తప్ప తెలుగు చదవడం రాదు. చెప్పినచోట గీకేశాడు.

మహేంద్ర జేబులోంచి ఇంకో కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపాడు. పున్నయ్య మీద తను రాసిన ఫిర్యాదు అది. తర్వాత పున్నయ్యను గట్టిగా కావలించుకున్నాడు.

"మేరీ భీ గల్తీ థీ భాయ్. జా, మషీన్ చాలూ కర్."

తప్పు తనదీ ఉందట, వెళ్లి మషీన్ నడపాలట. పున్నయ్య కదల్లేదు. మహేంద్ర లోపలికి వెళ్లిపోయాక శివాజీ వైపు తిరిగాడు.

"మషీనేటి? నాను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను గదరా!"

శివాజీ విరగబడి నవ్వాడు.

"హిందీలో రాజీనామా అంటే రాజీ కాగితం, బాబాయ్."