కత్తెర దొరికేదాకా

“ఒకటి తక్కువ,” అంది వార్డెన్, కత్తెరల డబ్బా మూత పెట్టకుండానే. “పది లోపలికొచ్చాయి. తొమ్మిదే ఉన్నాయి.”

చెత్త టీచర్ డబ్బాలోకి తొంగి చూసింది. ఖాళీ సీసాలు, వాడేసిన గొట్టాలు, చినిగిన బుడగలు తెచ్చి సైన్సు నేర్పుతుందని ఆ బాలికల హోమ్‌లో పిల్లలు ఆవిడకు పెట్టుకున్న పేరది. ఇవాళ సీసాలో బుడగ బిగించి ఊపిరితిత్తి చేయించింది. అడుగున ఉన్న రబ్బరు లాగితే లోపలి బుడగ ఉబ్బుతుంది. బల్లల నిండా ఊపిరితిత్తులే. ఆవిడకే ఊపిరాడటం లేదు.

“రూలు తెలుసుగా,” అంది వార్డెన్. ఆవిడను పిల్లలు చాటుగా ‘కర్ఫ్యూ’ అంటారు. “కత్తెర దొరికేదాకా గేటు తెరవను. దొరక్కపోతే మీ క్లాసుకు ఇదే ఆఖరు.”

“అంత మాట అనకండి మేడం. ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఎక్కడో పడుంటుంది.”

గేటు బయట వ్యాను హారన్ మోగింది. అది జిరాఫీ కోసం వచ్చింది. జిరాఫీ అంటే పొడుగుపిల్ల. వయసు దాటిందని పై ఊళ్ళో పెద్దపిల్లల హాస్టలుకు పంపేస్తున్నారు. అక్కడ ఖాళీ ఉన్నది ఒక్క మంచం. ఈ రాత్రికి చేరకపోతే దాన్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు, మళ్ళీ ఖాళీ అయ్యేదాకా ఈ పిల్ల ఇక్కడే. జిరాఫీ మూటతో తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె చెల్లెలు బుడంకాయ మాత్రం అక్క వంక చూడకుండా, మైదా జిగురు డబ్బాలో పుల్ల తిప్పుతూ కూర్చుంది.

డ్రైవరు కిటికీ ఊచల దగ్గరకొచ్చాడు. “ఏంటమ్మా ఆలస్యం? చీకటి పడితే నాకు కళ్ళు ఆనవు.”

“కత్తెర పోయింది,” అంది వార్డెన్.

“కత్తెరేనా! ఏనుగు పోయినట్టు చెబుతున్నారే.”

“ఏనుగైతే నాకు బెంగ లేదు. కనపడుతుంది.”

టీచర్ మోకాళ్ళ మీద పడి బల్లల కింద వెతికింది. సంచులు దులిపింది. చెత్తబుట్ట బోర్లించింది. “బంగారు తల్లుల్లారా, ఎవరు తీసినా ఏమీ అనను. మీకు దణ్ణం పెడతాను, ఇచ్చేయండమ్మా.”

“టీచర్, మీ జుట్టుముడిలో చూసుకున్నారా?” అంది ఒక పిల్ల. “పోయినసారి పెన్సిలు అక్కడే దొరికింది.”

ఆవిడ నిజంగానే ముడి తడుముకుంది. ఎవరూ నవ్వలేదు. ఒక్కోచోటా క్లాసు మూతపడుతూ వచ్చి చివరికి ఈ గది ఒక్కటే మిగిలింది ఆవిడకు. ఇదీ పోతే ఇక టీచర్ అని పిలిచే గొంతు ఎక్కడా ఉండదు.

అప్పుడు ఆవిడ కళ్ళు బుడంకాయ మీద పడ్డాయి. క్లాసు అయిపోయినా ఆ పిల్ల పుల్ల తిప్పడం ఆపలేదు.

“ఆ డబ్బా ఇటియ్యమ్మా.”

“ఇంకా ఉడకలేదు టీచర్.”

“పొయ్యి లేకుండా ఏం ఉడుకుతుందే?”

పిల్ల డబ్బాను వాటేసుకుంది. టీచర్ జిగురులోకి చెయ్యి పెట్టింది. వేళ్ళకు చల్లటి ఇనుము తగిలింది.

“చెప్పొద్దు టీచర్,” అంది బుడంకాయ, పెదవులు కదిలీ కదలకుండా. “వ్యాను పోయాక ఇచ్చేస్తా. ఒట్టు.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే అక్క పోతుంది. చెప్పకపోతే క్లాసు పోతుంది. టీచర్ చెయ్యి జిగురులోనే ఉండిపోయింది. వార్డెన్ అటు తిరిగి అలమరలో వెతుకుతోంది. బయట మళ్ళీ హారన్.

“నన్ను క్షమించు తల్లీ,” అని గొణిగి, కత్తెర పైకి లాగి, రుమాలుతో ఒక్క తుడుపు తుడిచి కత్తెరల డబ్బాలో పడేసింది. “దొరికింది మేడం! బల్ల కింద ఉంది. లెక్క చూసుకోండి.”

బుడంకాయ ఏడవలేదు. లేచి వెళ్ళి, తను చేసిన సీసా ఊపిరితిత్తిని అక్క మూటలో కుక్కింది. టీచర్ తల తిప్పేసుకుంది.

వార్డెన్ అందరికీ వీపు పెట్టి, ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టింది. “తొమ్మిది.”

“కాదు మేడం, పది! ఇప్పుడే నా చేత్తో వేశాను.”

“నాకు లెక్కలు రావంటారా? మీరే చూసుకోండి.”

టీచర్ ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ పెట్టింది. తొమ్మిదే. మతి పోయిందేమో అనుకుంది. జిగురు డబ్బా బల్ల మీద బోర్లించింది. నేలంతా అరచేతులతో తడిమింది. “ఒట్టు మేడం, వేశాను, నా కళ్ళు పోవాలి వెయ్యకపోతే,” అంటూ పిల్లల ముందే బావురుమంది.

వీధి దీపాలు వెలిగాయి. డ్రైవరు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. వ్యాను చప్పుడు దూరమయ్యాక జిరాఫీ మూట కింద పెట్టింది. బుడంకాయ అక్క నడుం చుట్టేసింది. పిల్లలంతా భోజనాలకు పోయారు.

గదిలో ఇద్దరే మిగిలారు. టీచర్ సీసాలన్నీ సంచిలోకి సర్దుకుంది. “గేటు తెరిపించండి మేడం, వెళ్తాను. ఇక రానక్కర్లేదుగా.”

వార్డెన్ తలుపు దగ్గరకు వేసి, చీర మీది కోటు జేబులో చెయ్యి పెట్టింది.

“వచ్చే వారం కాస్త బాగా తుడిచి వేయండి టీచర్,” అంది, పదో కత్తెర బల్ల మీద పెడుతూ. “జేబంతా జిగురైంది.”