కనబడని రెండో ఫైలు

తెర మీద కనిపిస్తున్నది ఒక్క ఫైలే. తెరిచి ఉన్నవి మాత్రం రెండని కంప్యూటర్ చెబుతోంది.

ఆసుపత్రిలో పిల్లల వార్డుకి మందుల షీటు తయారుచేసే ఫార్మసిస్టుకి మనసులో ఎక్కడో కలుక్కుమంది. అసలే అనుమానం మనిషి. బల్ల మీద టీ కప్పు జరిగినా ఎవరు ముట్టుకున్నారని ఆరా తీసే రకం.

కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిచింది.

"రెండోది ఎక్కడుంది?"

"ఉండండి మేడమ్, వాటినే అడుగుదాం."

అతను ఒక్క లైను రాశాడు. తెరిచి ఉన్న ప్రతి ఫైలునీ 'నువ్వు ప్లగిన్‌వా?' అని అడిగే లైను అది.

మొదటిది కాదంది. రెండోది అవునంది.

"మామూలు ఫైలైతే కళ్ళకి కనబడేది. ఇది ప్లగిన్‌లా, అంటే షీటుకి తగిలించిన చిన్న ప్రోగ్రాంలా నడుస్తోంది. మీరు షీటు తెరిచినప్పుడల్లా వెనకాలే తెరుచుకుని, మీరు కొట్టే ప్రతి అంకెనీ చూస్తోంది."

"పెట్టిందెవరు?"

అతను గొంతు తగ్గించాడు. "పేరైతే కొత్తాయనదే ఉంది."

కొత్తాయన అంటే నాలుగు నెలల కిందట తాత్కాలికంగా చేరిన టైపిస్టు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. అడిగితే తప్ప నోరు విప్పడు. ఆమెకి మొదటి నుంచీ నచ్చనిది అదే. వెంటనే ఆయన్ని పిలిపించింది.

"నా మీద నిఘా పెట్టమని ఎవరు చెప్పారండీ మీకు?"

"నిఘా కాదు మేడమ్. మోతాదులు చూస్తుందంతే."

"చూడ్డానికి నేను లేనా?"

"ఉన్నారు. అయినా..."

"మరి దాచడం దేనికి?"

"కనబడితే తీసేస్తారని."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఫైలుని అక్కడికక్కడే తీయించేసింది. మధ్యాహ్నానికల్లా ఆయన్నీ పనిలోంచి పంపించేసింది.

ఆయన సంచీ తీసుకుని బయల్దేరాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"పిల్లల షీటు రెండుసార్లు చూసుకోండి మేడమ్."

పోతూ పోతూ కూడా పాఠాలే, అని విసుక్కుందామె.

మర్నాడు పొద్దున్నే పిల్లల వార్డు పెద్ద నర్సు షీటు పట్టుకుని వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"తొమ్మిది కిలోల పిల్లాడికి పది రెట్లు మోతాదు రాశావు తల్లీ. సిరంజిలోకి మందు తీసేదాకా నేనూ చూసుకోలేదు."

ఆమె షీటు అందుకుంది. ఆ అంకె మీద వేలు పెట్టి చూసింది.

"ఇలాంటివైతే గడి ఎర్రబడాలి కదా సిస్టర్? ఈ నాలుగు నెలలూ..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. గడి ఎర్రబడినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ గొప్పదనుకుని అంకె దిద్దుకునేది. ఆ ఎరుపు ఎవరిదో ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"ఆయన్ని వెనక్కి పిలుస్తాను సిస్టర్. అసలు ఎవరాయన?"

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఇక దాచి ఏం లాభం? నీకంటే ముందు పద్నాలుగేళ్లు ఈ కుర్చీలో కూర్చున్న ఫార్మసిస్టు ఆయనే. ఒక్క సున్నా ఎక్కువ రాసి ఒక పాపని పోగొట్టానని, ఎవరూ కనిపెట్టకముందే తనే చెప్పేసి ఉద్యోగం వదిలేశాడు."