పదిహేడో ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూకి వచ్చిన మనిషి కుర్చీలో లేదు.

హాల్లో మోకాళ్ల మీద కూర్చుని, తొంభై ఏళ్ల వాల్టర్ తాతకు తిరగేసి తొడుక్కున్న చెప్పులు సరిచేస్తోంది.

"మీరు ఆయన కూతురా?" అడిగింది గ్రెచెన్. అమెరికాలో డులూత్ అనే ఊళ్లోని ఆ ఓల్డేజ్ హోమ్‌కి ఆమే పెద్ద నర్సు.

"కాదు మేడమ్. మార్నీని. సాయంత్రం షిఫ్టు నర్సు ఉద్యోగానికి వచ్చాను."

"కూతురైతే ఆదివారానికోసారైనా వచ్చేది" అన్నాడు వాల్టర్ తాత.

లోపలికి వెళ్లారు. కాగితాలు చూస్తే ఉద్యోగం లేకుండా రెండేళ్లు ఖాళీ.

అడిగేలోగా మార్నీయే చెప్పింది.

"రోగులకివ్వాల్సిన నొప్పి మాత్రలు నేను వేసుకున్నాను మేడమ్. అలవాటైపోయింది. మానేసి రెండేళ్లయింది. నర్సుల బోర్డు నన్ను కనిపెట్టుకుని ఉంటుంది. రోజూ పొద్దున్నే వాళ్లకి ఫోన్ చేస్తాను. రమ్మన్న రోజు వెళ్లి మూత్ర పరీక్ష ఇస్తాను. ఉద్యోగంలో చేరాక మొదటి ఆరు నెలలు మత్తుమందుల బీరువా తాళాలు ముట్టుకోకూడదు."

"సాయంత్రం ఇక్కడుండేది ఒక్క నర్సే. ఆ మాత్రలు ఎవరివ్వాలి, నేనా?"

"మీరొస్తానంటే కాఫీ నేను కాస్తాను."

గ్రెచెన్‌కి నవ్వొచ్చింది. ఆపుకుంది.

"ఇలా ఎన్నిచోట్ల చెప్పారు?"

"ఇది పదిహేడోది."

"ఎలా దొరికిపోయారు?"

మార్నీ బల్ల మీది కాగితాలు సర్దింది.

"ఎలాగైతేనేం మేడమ్. తీసింది నేనే."

దొరికాక అందరూ నిజాయితీపరులే అనుకుంది గ్రెచెన్. పైకి మాత్రం మర్యాదగానే, "కబురు చేస్తాను" అంది.

ఆ సాయంత్రమే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేసింది. మార్నీకి రెండు ముక్కలు రాసి పంపింది. 'చెప్పినందుకు ధన్యవాదాలు' అని చివర్లో చేర్చింది, మనసు ఊరుకోక.

మర్నాడు ఫోన్ మోగింది.

"నా పేరు డోరీన్. మార్నీ ఇదివరకు పనిచేసిన ఆసుపత్రిలో హెడ్ నర్సుని. తన గురించి అడుగుతూ మొన్న మీరు మెయిల్ పెట్టారు. మంచు తుఫానుకి మూడు రోజులుగా ఇక్కడ నెట్ లేదండీ, ఇవాళే చూశాను. ఏం అడిగినా చెబుతాను."

"ఆ ఉద్యోగం నిన్ననే ఇచ్చేశామండీ."

"మార్నీకేనా?" ఆ గొంతులో పండగ.

"కాదు."

"అయ్యో!"

"నా ఇబ్బంది కూడా చూడండి" అంది గ్రెచెన్. "నోరు లేని ముసలివాళ్లు వీళ్లంతా. దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిని ఏ ధైర్యంతో పెట్టుకోను?"

"దొరికిపోయిందని ఎవరన్నారు?"

"మరి?"

"మార్నీని ఎవరూ అనుమానించనైనా లేదండీ. మాత్రలు తగ్గుతున్నాయని ఆసుపత్రివాళ్లు వేరే నర్సుని పట్టుకున్నారు. ఇద్దరు పసిపిల్లల తల్లి. ఏడ్చి మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం తీసేసే కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు. అప్పుడు తలుపు తోసుకుని మార్నీ వచ్చింది. 'ఆ పిల్లని వదిలెయ్యండి, తీసింది నేను' అంది. నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఈ కుర్చీలో ఆమే ఉండేది."

గ్రెచెన్ మార్నీ కాగితాలు మళ్లీ ముందుకు లాక్కుంది.

"ఈ సంగతి నాకు చెప్పలేదే!"

"చెప్పదండీ. అది గొప్ప అనుకోదు."

"పాపం, ఆ నర్సు... ఆవిడ ఇప్పుడేం చేస్తోంది?"

"మీతో మాట్లాడుతోందండీ."