ఐతారం మెకానిక్

“ప్లగ్గు తడిసిందక్కా. పొద్దుమూకేదాక తన్నినా లేవది.”

సాయవ్వ కిక్కు మీది కాలు తీసి వెనక్కి చూసింది. దడి అవతల ఎవరో మనిషి. నలభై ఏళ్లుంటాయి. మొహం పీక్కుపోయి, ఇప్పుడే రోగం నుంచి లేచినట్టున్నాడు.

“ఎవలు నువ్వు?”

“సాంబయ్య. జగిత్యాలల బండ్లు బాగుచేస్త. జర మంచినీళ్లు ఇస్తవా?”

చెంబు ఇచ్చింది. తాగుతున్నంతసేపూ ఆయన బండినే చూశాడు. పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్.

“నడిపేది నువ్వేనా?”

“నాకెక్కడస్తది? నా కొడుకు గోవర్ధన్‌ది.”

అంతకు మించి చెప్పలేదు. చెప్పే రోజులు కావవి. పది నెలల కింద గోవర్ధన్ బండిని వాకిట్లో నిలిపి అడవికి పోయి అన్నల్లో కలిసిపోయాడు. పోలీసులు వచ్చి నంబరు రాసుకుపోయారు. ఆనాటి నుంచి కోరుట్లలో ఏ మెకానిక్కూ ఆ బండిని ముట్టడు.

“వాడు అచ్చిననాడు ఒక్క తన్నుకే లేవాలె తమ్మీ. లేవకుంటే, అవ్వ నన్ను మరిచిందనుకుంటడు.”

సాంబయ్య ఏదో అనబోయాడు. చెంబు కింద పెట్టాడు.

“పానా ఉందా?” అన్నాడు.

సాయవ్వ పానా తెచ్చినా ఆయన బండి మీద చెయ్యి వేయలేదు.

“నేను చేసిపోతే మల్ల ఆగుతది. నువ్వే నేర్సుకో.”

పక్కన కూర్చుని ఆమె చేతనే ప్లగ్గు విప్పించాడు. మసి గీకించాడు. మొనల మధ్య సందు ఎంతుండాలో చూపడానికి చుట్టూ వెతికి, ఆమె బీడీలు చుట్టే చాటలోంచి ఆకు కత్తిరించే రేకు తీశాడు.

“గీ రేకు మందమే ఉండాలె. ఎక్కువొద్దు, తక్కువొద్దు. ఇగ తన్ను.”

“మొగుడు బతికున్నన్నాళ్లు ఒక్క మాట ఎదురు అనలే. గిప్పుడు బండిని తన్నవడితి.”

“బండి మొగుడు కాదక్కా. తంతెనే ఇంటది.”

సాయవ్వ నవ్వింది. చాలా నెలల తర్వాత.

ఐదో తన్నుకు బండి లేచింది. వాకిలంతా పొగ.

ఆ తర్వాత ప్రతి ఐతారం, షెడ్డుకు సెలవునాడు, బస్సు దిగి వచ్చేవాడు. పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో, చైన్ ఎంత వదులుండాలో చెప్పాడు. ఒకసారి సైలెన్సర్ విప్పించి పొయ్యిలో పెట్టించాడు.

“అన్నం వండే పొయ్యిల గిదేందయ్యా?”

“దాని గొంతు పూడుకపోయిందక్కా. కాలిస్తెనే మసి రాలుతది.”

వెళ్లేముందు ప్రతిసారీ దడి దగ్గర ఆగేవాడు.

“అక్కా...”

“ఏంది తమ్మీ?”

“ఏం లేదు. చైన్‌కు నూనె ఎయ్యి.”

ఒకనాడు గోవర్ధన్ ఫోటో ఉందా అని అడిగాడు. సాయవ్వ పెట్టె అడుగు నుంచి తీసిచ్చింది. చాలాసేపు చూశాడు. చొక్కా అంచుతో తుడిచి తిరిగి ఇచ్చాడు.

పక్కింటి రుక్కమ్మ అది చూసింది. ఆయన మలుపు తిరగగానే వచ్చింది.

“వదినె, మెకానిక్కుకు బండితోని పని గని మనిషి ఫోటో ఎందుకే?”

సాయవ్వ చేతిలోని బీడీ విడిపోయింది.

“పోలీసులు మఫ్టీల తిరుగుతున్నరట. పిల్లల జాడ కోసం తల్లుల దగ్గర చేరుతున్నరట. చూసుకో మరి.”

ఆ వారమంతా బీడీలు వదులు వదులుగా వచ్చాయి. కార్ఖానాలో సగం తిప్పి పంపారు.

ఐతారం సాంబయ్య వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

“అక్కా, ఇయ్యాల ఒక్క మాట చెప్పి పోత.”

“నా కొడుకు జాడ నాకు తెల్వది,” లోపలి నుంచే అంది సాయవ్వ. “తెలిసినా నీ అసొంటోనికి చెప్ప. మల్ల నా వాకిట్లకు రాకు.”

చెప్పుల చప్పుడు దడి దాకా పోయి ఆగింది.

“మంచిదక్కా. వానలు పడ్తయి. బండి మీద పట్టా కప్పు.”

మళ్లీ రాలేదు.

పోలీసులూ రాలేదు. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అని భయపడుతూ రెండు నెలలు గడిపింది. ఎవరూ రాలేదు.

ఒక పొద్దున ప్లగ్గు తుడిచి, సందు సరిచూసి తన్నింది. బండి ఒక్క తన్నుకే లేచింది.

“చూస్తివా తమ్మీ,” అని దడి వైపు తిరిగింది.

అక్కడ ఎవరున్నారు? బండి ఆపేసి, సీటు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

మర్నాడు జగిత్యాల బస్సెక్కింది. అడుగుతూ పోతే, మూసిన షెడ్డు వెనక ఒక ఇల్లు చూపించారు. గడపలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నుదురు బోసిగా ఉంది.

“సాంబయ్య...”

“లేడక్కా. నేను ఆయిన భార్యను, రాజవ్వను. కామెర్లు తిరగబెట్టినయి. నెలాయె.”

సాయవ్వ గడప ముందే కూర్చుంది.

“పోలీసనుకోని ఎళ్లగొట్టిన. చేతులు పట్టుకోని తప్పైందని చెప్దామనుకున్న.”

రాజవ్వ ఆమె చేతుల వైపు చూసింది. గోళ్ల నిండా గ్రీసు.

“కోరుట్ల సాయవ్వవా?”

“ఔ.”

“ఐతారం అయితే చాలు, ఇయ్యాల చెప్పే అస్త అని పోయెటోడు. ఆమె బండి బాగుచేసుకుంట కూసున్నదే, ఎట్ల చెప్పుదు అని తిరిగి అచ్చెటోడు.”

“ఏం చెప్పేటందుకు?”

రాజవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

“పోయిన చలికాలం ఆయిన దవాఖానల పడ్డడు. పక్క మంచం మీద ఒక పిలగాడు. అడివి జరం. అందరికి మారుపేరు చెప్పిండు. ఆయినకు ఒక్కనికే అసలు పేరు, ఊరు, అవ్వ పేరు చెప్పిండు. మూడోనాడు పోయిండు.”

సాయవ్వ కొంగుతో చేతి గ్రీసు తుడుచుకోసాగింది.

“పోలీసులు అచ్చి, ఈ శవానికి ఎవలన్న ఉన్నరా అంటే వార్డంత నోరు మూసుకున్నదక్కా. మా ఆయిననే సెలైన్ సూది పీకేసి మంచం దిగి, ‘నేను మేనమామను’ అని సంతకం పెట్టి, నీ కొడుకుకు కొరివి పెట్టిండు.”